మిరియాలు రాని ఏట మోగిన రోలు

నేను ఒక కంచు రోలును. మీ ఇళ్లలో అల్లమో ఏలకులో దంచుకునే చిన్న రోలు ఉంటుంది చూడండి, దానికి దూరపు చుట్టాన్ని. వయసులో పెద్దదాన్ని, బరువులో ఇంకా పెద్దదాన్ని. జర్మనీ దేశంలో, రైన్ నది ఒడ్డున, ఒక పట్టణపు మ్యూజియంలో అద్దాల పెట్టెలో కూర్చుని ఉన్నాను. కూర్చుని ఉన్నాననడం మర్యాద కోసం. అలసి కూలబడ్డానంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. నాలో దంచినవాళ్లు పోయారు. దంచిన దినుసులు అరిగిపోయాయి. వాటిని తిన్నవాళ్లు మట్టిలో కలిసి, ఆ మట్టి మీద కొత్త వీధులు వెలిశాయి. నేను మిగిలాను. మిగలడం కూడా ఒక పనే. దెబ్బలు తినడంకంటే అలసట ఎక్కువ ఉన్న పని.

నా పాదాల దగ్గర ఒక చీటీ అతికించారు. ‘మధ్యయుగాలలో కుళ్లిన మాంసపు వాసనను కప్పిపుచ్చేందుకు మసాలాలు దంచిన రోలు’ అని దాని మీద రాసి ఉంది. వచ్చినవాళ్లు చదువుతారు, ముక్కు చిట్లిస్తారు, ఆ కాలపు మనుషుల మీద కాస్త జాలిపడి, పక్కనున్న కత్తుల పెట్టె దగ్గరికి వెళ్లిపోతారు. నాకు పెద్ద నోరే ఉంది. కాని ఎవరో ఒకరు కొడితే తప్ప ఆ నోట మాట రాదు. కొట్టవలసిన రోకలి ఎప్పుడో పోయింది. అందుకే ఇలా మీతో చెప్పుకుంటున్నాను.

చీటీ రాసినాయన ఒక్క సంగతి ఆలోచించి ఉంటే బాగుండేది. ఆ రోజుల్లో మిరియాలు కొనగలిగినవాడికి తాజా మాంసం ఒక లెక్కా? చిరిగిన గోనెసంచిని దాచడానికి దాని మీద ఎవరైనా పట్టుచీర కప్పుతారా?

సరే. మొదటినుంచి చెబుతాను.

రోలుగా పుట్టకముందు నేను గంటను. నదికి ఎగువన, కొండమీది ఒక పల్లెలో, చర్చి గోపురంలో వేలాడేదాన్ని. నా నడుము చుట్టూ లాటిన్‌లో ఒక వాక్యం ఉండేది; దాని మొదటి మాట ‘రండి’. పొద్దున రండి అనేదాన్ని, వచ్చేవారు. పెళ్లికి రండి అనేదాన్ని, వచ్చేవారు. చావుకు రండి అన్నా వచ్చేవారు. ఒక శీతాకాలం మంచు గడ్డకట్టిన వేళ గట్టిగా మోగించడంతో నా అంచు చిట్లింది. చిట్లిన గంట పలుకు చెవికి ముల్లు. బండికెత్తి, పట్టణంలో కంచు పోతపోసే మేస్త్రీ దగ్గరికి తోలారు.

మేస్త్రీ నన్ను కరిగించి కొత్త గంట పోశాడు. అది పల్లెకు తిరిగి వెళ్లింది. మూస అంచులు నిండగా కొంత కంచు మిగిలింది. దాన్ని పారబొయ్యడం ఇష్టంలేక, చేతికి దొరికిన రోలు మూసలో పోశాడు. పాత గంట అక్షరాలకు తీసుకున్న అచ్చులో ఒక ముక్క కూడా మిగిలి ఉంటే, పోనీలే, అందంగా ఉంటుంది కదా అని దాన్ని నా పొట్టకు అద్దాడు. అలా వాక్యమంతా గంటకు వెళ్లి, ఒక్క మాట నాకు దక్కింది: రండి. ఎవరిని, ఎందుకు రమ్మంటున్నానో తెలియకుండా పిలుస్తూ నేను లోకంలోకి వచ్చాను.

మొదట ఒక బిషప్పు వంటింటికి చేరాను. నా యవ్వనమంతా అక్కడే అరిగింది. మిరియాలు, పిప్పళ్లు, తోకమిరియాలు, లవంగాలు, జాజికాయ, జాపత్రి, శొంఠి, దాల్చినచెక్క. మీ వంటింటి పోపులపెట్టెలో పేరుపేరునా ఉండేవే. అక్కడ మాత్రం వాటిని తాళం వేసిన పెట్టెలోంచి, పసిబిడ్డను ఊయల్లోంచి తీసినట్టు తీసేవారు. ఆ గింజలు స్వర్గపు తోటలో చెట్లనుంచి రాలుతాయని, అక్కడ పుట్టిన నది వాటిని మోసుకొస్తుందని, దూరదేశపు జాలర్లు తెల్లవారి వల లాగితే చేపలకు బదులు శొంఠికొమ్ములు పడతాయని అక్కడి వంటవాడు నమ్మేవాడు. నమ్మి, దంచేముందు నుదుటిమీదా రొమ్ముమీదా శిలువ గుర్తు వేసుకునేవాడు. మీకు నవ్వు రావచ్చు. జలుబు చేస్తే చారులో వేసుకుని, ముక్కు తుడుచుకుంటూ మీరు తాగే గింజలవి. ఎవరి పెరట్లోనో చెట్టుకు పాకిన తీగకు కాసినవి. ఎంత దూరం నడిస్తే అంత పవిత్రమవుతాయి కాబోలు వస్తువులు. మనుషుల విషయంలో అలా జరగగా నేను చూడలేదు.

చేప చలవ చేస్తుందనీ, మిరియం వేడి చేస్తుందనీ, రెండూ కలిస్తే ఒంటికి మంచిదనీ అక్కడి వైద్యులు చెప్పేవారు. ఈ వేడీ చలవా లెక్క మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. అతిథులు ఎక్కువైనకొద్దీ మిరియంతో పులుసు నల్లబడేది. పులుసు నల్లబడినకొద్దీ బిషప్పుగారి పేరు తెల్లబడేది.

మరి మాంసాన్ని కాపాడిందెవరు? నేను కాదు. నాలో దంచిన స్వర్గపు గింజలూ కాదు. ఆ పని పెరటి కొట్టంలో జరిగేది. శీతాకాలానికి మేత చాలదు కనుక, నవంబరులో సెయింట్ మార్టిన్ పండుగనాటికి పందులనూ ఎద్దులనూ కోసేవారు. ఓకుచెక్క తొట్లలో ఉప్పు పరిచి, ఆ మీద మాంసం, ఆ మీద మళ్లీ ఉప్పు, మీ ఆవకాయ జాడీలో ముక్కా కారం పేర్చినట్టు పేర్చేవారు. తొట్టిలో ఊరిన నీటిలో కోడిగుడ్డు తేలితే ఉప్పు సరిపోయినట్టు. పంది తొడలు పొగగూట్లో నల్లబడుతూ వేలాడేవి. హెర్రింగ్ చేపలు పీపాల్లో ఒకదానికొకటి అంటుకుని పడుకునేవి. శీతాకాలమంతా ఊరి ప్రాణం ఆ ఉప్పు చేతిలో ఉండేది. ఉప్పుకు పాట లేదు, పెట్టె లేదు, తాళం లేదు. పని దానిది. పేరు నాది.

బిషప్పు పోయాక వంటింటి సామాను చేతులు మారింది. నన్ను హెన్నెకె అనే పడవ యజమాని కొని, రేవు వీధిలో తన ఇంటికి తెచ్చాడు. అతని భార్య ఆలైత్ అక్కడ పూటకూళ్లు నడిపేది. నదిమీద వచ్చే సరకుల వాళ్లకు, పడవల వాళ్లకు అన్నం పెట్టే ఇల్లది. అన్నమంటే అక్కడ రొట్టే అనుకోండి. ఆలైత్ పొట్టిగా, గట్టిగా ఉండేది. నన్ను మొదటిసారి ఎత్తినప్పుడు ‘అబ్బో, నువ్వూ నాలాంటిదానివే’ అంది. అలసిన బతుకులో నాతో ఎవరైనా చుట్టరికం కలిపింది అప్పుడే.

హెన్నెకెను ఒక వసంతంలో నది తీసుకుపోయింది. ఆ ఇల్లు పడవల సంఘానిది. సంఘం పెద్ద టిల్మాన్ వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని పరామర్శించి, వెళ్లబోతూ గుమ్మంలో ఆగాడు.

‘చూడమ్మా ఆలైత్, ఇల్లూ పూటకూళ్ల హక్కూ నీకే ఉంచుతాం. మార్టిన్ పండుగనాడు సంఘం విందు మాత్రం హెన్నెకె ఉన్నప్పటిలాగే జరగాలి. నల్ల పులుసు పలచబడితే మావాళ్లు ఊరుకోరు. నా సంగతి నీకు తెలుసుగా. మిరియం నాలుక మీద పెడితే, ఏ రేవులో దిగిందో చెబుతాను.’

‘తెలుసండి. పోయినేడు మా ఆయన తుమ్మినా, అది జెనోవా మిరియమేనని చెప్పారు.’

టిల్మాన్‌కు అది పొగడ్తో వెటకారమో తేలలేదు. తల ఊపి వెళ్లిపోయాడు. ఆ విందు తప్పితే ఇల్లు తప్పినట్టే. ఆలైత్‌కు వెళ్లడానికి మరో గడప లేదు.

ఇక్కడ ఆ వీధి ఆచారం ఒకటి చెప్పాలి. రేవు వీధిలో ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉంటాయి. ఒక ఇంట్లో రోలు మోగితే వీధంతా వింటుంది. తలుపు మూసి మాంసం తినవచ్చు, మూసి ఉపవాసం ఉండవచ్చు. మూసి మిరియాలు దంచడం మాత్రం కుదరదు. కనుక ఆ వీధిలో ఇంటి కలిమిని కళ్లతో కాక చెవులతో కొలిచేవారు. పొద్దున్నే రోలు మోగిన ఇల్లు బాగున్నట్టు. మోగకపోతే మధ్యాహ్నానికల్లా ఎవరో వచ్చి ‘అంతా కులాసాయేనా?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకంటే ఆకలి నయమనేది ఆలైత్.

ఆ ఏడు దక్షిణాన కొండదారులు యుద్ధంతో మూతబడ్డాయి. మిరియం రాలేదు. వేసవిలో రాలేదు, ఆకులు రాలే వేళకూ రాలేదు. ఎవరి దగ్గరైనా నిలవ ఉంటే బయటపెట్టి ఊరికి పంచాలని, దాచినట్టు తేలితే వ్యాపారపు హక్కు రద్దనీ పట్టణసభ చాటింపు వేయించింది. ఆలైత్ దాచిందేమీ లేదు. మసాలాల పెట్టెను తిరగేసి తడితే నా అడుగున రాలినది దుమ్ము, ఒక లవంగం పువ్వు.

మర్నాడు పొద్దున ఆమె నన్ను కిటికీ దగ్గరికి జరిపి, రోకలి అందుకుని, ఖాళీ కడుపులోకి దంచడం మొదలుపెట్టింది.

ఎన్నో ఏళ్లుగా నాలో ఎప్పుడూ ఏదో ఒకటి నిండి ఉండేది. రోకలికీ నాకూ మధ్య మిరియమో శొంఠో అడ్డుపడి నా గొంతును నొక్కేసేది. ఇప్పుడు అడ్డేమీ లేదు. కంచు కంచును తాకింది. నేను మోగాను. నాకే తెలియని నా గొంతు, చివర సన్నగా వణికే గొంతు, కిటికీలోంచి వీధిలోకి, వీధిలోంచి రేవులోకి వెళ్లింది. ఆలైత్ బెదిరి ఒక క్షణం ఆగింది. తరువాత పళ్లు బిగించి దంచింది. రోజూ దంచింది. లేనిదాన్ని దంచడం ఉన్నదాన్ని దంచడంకంటే కష్టం. మణికట్టు ఊరికే అదురుతుంది. సాయంత్రానికి ఆమె చేతికి గుడ్డ చుట్టుకునేది.

ఆ మోత వెంటబడి ఒకనాడు ఒక ముసలాయన వచ్చాడు. పేరు గెర్లాఖ్. రేవులో, ఉత్తరాదినుంచి వచ్చే ఎండుచేపలను చెక్కసుత్తితో బాది మెత్తబరిచే పని అతనిది. కట్టెలా ఎండిన ఆ చేప సుత్తిదెబ్బలు తినకుండా నానదు. గుమ్మంలో నిలబడి తల ఒక పక్కకు వంచాడు.

‘అమ్మాయ్! ఈ రోలు నీదేనా?’ అని కేకపెట్టాడు.

‘నాదే తాతా. నెమ్మదిగా మాట్లాడు.’

‘ఆఁ?’

‘నెమ్మదిగా!’

‘నెమ్మది నాకు వినబడదమ్మా. ఏళ్లతరబడి గంటలు కొట్టి కొట్టి చెవులు పోయాయి. మనుషుల మాట వినబడదు, కంచు పలికితే మాత్రం వినబడుతుంది. ఇంతకీ దీంట్లో ఏమీ లేదు కదూ?’

ఆలైత్ అతని చొక్కా పట్టుకుని లోపలికి లాగి, తలుపు మూసి, వీపు ఆనించి నిలబడింది.

‘ఎవరు చెప్పారు నీకు?’ అంది, అతని చెవి దగ్గర.

‘ఎవరో చెప్పాలా? మిరియాలు పోసిన రోలు గొణుగుతుంది, ముసలి ఫాదరు ప్రార్థన చదివినట్టు. ఖాళీ రోలు పాడుతుంది. నీది పాడుతోంది.’

‘ఎవరితోనూ అనకు తాతా. తెలిస్తే ఈ ఇల్లు పోతుంది.’

‘ఆఁ?’

ఆ మాట గట్టిగా చెప్పగలిగిన మాట కాదు. ఆలైత్ అతని చెయ్యి పట్టుకుని నా లోపల పెట్టింది. ఖాళీని తడిమించింది. ఆ తరువాత పొయ్యి చూపించింది, మంచం చూపించింది, గోడకు వేలాడుతున్న హెన్నెకె టోపీ చూపించింది. చివరికి తలుపు చూపించి, తన రొమ్మును వేలితో తాకి, బయటికి గెంటేసినట్టు చెయ్యి విసిరింది. అరవకుండా ఒక బతుకంతా చెప్పడానికి అంతే పట్టింది. ముసలాయన తల ఊపాడు. ఊపుతూ చెయ్యి వెనక్కి తీసుకోబోయి, వేళ్లు నా పొట్టమీది అక్షరాలకు తగలగానే ఆగిపోయాడు. అతనికి చదువు రాదు. కాని ఆ వంపులు అతని వేళ్లకు వచ్చు.

‘ఇది మా గంట,’ అన్నాడు. ఈసారి కేక పెట్టలేదు. ‘ఈస్టరుకు ముందు ఈ అక్షరాలు తోమేది నేనే. బూడిదతో. ఇది మా గంటేనమ్మా.’

నాకూ అప్పుడే తెలిసింది, అతను కొండమీది పల్లెలో నన్ను కొట్టినవాడని. ఆ గంటతాడు పట్టినప్పుడు అతని వెంట్రుకలు నల్లగా ఉండేవి. నన్ను కరిగించి పోసిన కొత్త గంటను అతనే మోగించాడట. తరువాత మహమ్మారి వచ్చింది. గంట రండి అంది, సగంమంది వచ్చారు. మళ్లీ రండి అంది, ఎవరూ రాలేదు. పల్లె పడిపోయింది, గోపురం కూలింది, గంటను ఎవరు ఎత్తుకుపోయారో తెలియలేదు. అతనొక్కడే కొండ దిగి వచ్చి, రేవులో చేపలు కొడుతున్నాడు.

పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఆలైత్ కొంచెం ఉప్పుచేప, గంజి పెట్టింది. తిని, మూతి తుడుచుకుని, లేవబోతూ చెప్పాడు.

‘అమ్మాయ్, ఇలా ఖాళీగా కొట్టకు. నాబోటి చెవి ఇంకొకటి ఉంటే పట్టేస్తుంది. ఎండిన నల్లరొట్టె పెచ్చులు వెయ్యి, కాస్త మాడ్చి వెయ్యి. మిరియాలు పోసినట్టే గొణుగుతుంది.’

నా గొంతును వెతుక్కుంటూ వచ్చినవాడు, ఆ గొంతు నొక్కే ఉపాయం తనే చెప్పాడు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి ఇంకో మాట అన్నాడు.

‘రోజూ మొదటి దెబ్బ మాత్రం ఖాళీగా కొట్టమ్మా. ఒక్కటే. ఆ తరువాత నీ రొట్టె నువ్వు వేసుకో.’

మర్నాటినుంచి అలాగే. ఒక్క దెబ్బకు నేను గంటను. ఆపైన రొట్టె పెచ్చులు నములుతున్న ముసలి నోరును. పొద్దున్నే రేవులో చెక్కసుత్తి ఒక క్షణం ఆగేది. నేను మోగేదాన్ని. సుత్తి మళ్లీ మొదలయ్యేది.

బొంకు అందంగా కుదిరింది. చిక్కల్లా అది మరీ అందంగా కుదరడమే. ఎదురింటి హిల్లె ఒకనాడు అట్లకాడ అరువడిగే నెపంతో వచ్చి వంటింట్లో నిలబడింది. ఆమె మాట తీపి, చూపు కారం.

‘అక్కా, మీ రోలు ఈమధ్య చాలా నిండుగా పలుకుతోందే!’

‘ఏదో, దేవుడి దయ.’

‘దేవుడి దయ మా ఇంటివైపు రాలేదే! ఊళ్లో ఎవరికీ లేని మిరియాలు నీకే ఎక్కడివి అక్కా? పోనీ, ఒక చిటికెడు పెట్టరాదూ, మా ఆయనకు కడుపులో వాయువు.’

‘విందుకు అట్టిపెట్టినవి. ముట్టుకుంటే టిల్మాన్‌గారు ఊరుకోరు.’

‘అట్టిపెట్టినవా!’ అంది హిల్లె. ఆ ఒక్క మాటను కొంగున కట్టుకున్నట్టు భద్రంగా పట్టుకుని వెళ్లింది. నిండు రోలుకీ ఖాళీ రోలుకీ పలుకులో తేడా ఉంటుందని హిల్లెకెలా తెలుసు? ఆలైత్ ఆ ప్రశ్న వేసుకోలేదు. భయపడేవాళ్లు తమ గుండె చప్పుడు తప్ప వినరు.

పండుగకు ముందురోజు టిల్మాన్ వచ్చాడు. అతనితో పట్టణసభ పెద్దమనుషులు ఇద్దరు. వాళ్ల వెనక, ఏమీ ఎరగనట్టు, హిల్లె. గెర్లాఖ్ అప్పటికే పొయ్యి పక్కన మూలపీట మీద గంజి తాగుతున్నాడు.

‘ఆలైత్, మిరియాలు దాచావని ఫిర్యాదు వచ్చింది,’ అన్నాడు టిల్మాన్. ‘రోలు ఇటు జరుపు.’

ఆలైత్ కదల్లేదు. ఆమె ముందు రెండు తలుపులు తెరిచి ఉన్నాయి, రెండూ వీధిలోకే. మిరియాలు ఉన్నాయంటే దాచినట్టు, హక్కుతోపాటు ఇల్లు పోతుంది. లేవంటే రేపటి విందు లేనట్టు, ఇల్లు పోతుంది. ఆమె చేతి గుడ్డ విప్పి మళ్లీ చుట్టుకోసాగింది.

టిల్మాన్ తనే వంగాడు. నా లోపలికి వేలు పెట్టాడు. నల్లటి పొడి తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఏ రేవు మిరియమైనా పోల్చే ఆ నాలుక మీద మాడిన రొట్టె కరిగింది. అతని ముఖం చూశాను. కళ్లు మొదట చిన్నవయ్యాయి, తరువాత పెద్దవయ్యాయి. నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడు గెర్లాఖ్ గిన్నె కింద పెట్టి తల ఎత్తాడు. జరుగుతున్నదేమిటో అతనికి ఒక్క ముక్క వినబడలేదు. నా చుట్టూ ఇంతమంది వంగి చూడటం చూసి, నా పలుకు వినడానికే వచ్చారనుకున్నాడు. పాపం, సంబరపడ్డాడు.

‘బాగుంది కదూ టిల్మాన్? మీ రోలూ ఏమంత తక్కువది కాదులే! ఖాళీ అయినప్పటినుంచి అదీ బాగా పలుకుతోంది. ఇదుగో, ఈ పెద్దయ్యలవీ అంతే. ఒకటి సన్నం, ఒకటి బొంగురు. ఆ ఎదురింటి తల్లిది కాస్త చిట్లింది, అయినా పరవాలేదు. వీధి వీధంతా ఖాళీయే! పొద్దున్నే వింటుంటే నాకు ఈస్టరు పండుగలా ఉంటుంది. ఊరంతా గంటలే!’

పెద్దమనుషుల్లో ఒకాయన పైకప్పు దూలం ఎంత గట్టిదో పరీక్షగా చూడసాగాడు. రెండో ఆయనకు దగ్గు వచ్చింది. హిల్లె తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ గుడ్డ చాటున ఉన్నది ఏడుపో నవ్వో నేను చెప్పలేను. వీధిలో ప్రతి ఇల్లూ పొద్దున్నే లేచి లేనిదాన్ని దంచి, పక్కింటి మోత విని ‘వాళ్లకు ఉందే!’ అని కుమిలింది. నిండుగా గొణిగింది నేనొక్కదాన్నే కనుక దొంగ నేనయ్యాను.

టిల్మాన్ ఇంకోసారి వేలు ముంచాడు. నాకాడు. కళ్లు మూసుకున్నాడు.

‘మిరియాలే,’ అన్నాడు.

ఆలైత్ చేతి గుడ్డ కింద పడింది.

‘పోయినేటివి. పాతబడ్డాయి, ఘాటు తగ్గింది. కాని మిరియాలే. దాచారనడానికి చాలినన్ని లేవు. రేపటి విందుకు సరిపోతాయి, అంతే.’ తిరిగి పెద్దమనుషుల వైపు చూశాడు. ‘మీరూ చూడండి.’

ఒకాయన చిటికెడు నోట్లో వేసుకుని, చప్పరించి, గంభీరంగా అన్నాడు: ‘వెనిసు సరకు.’

‘జెనోవా అనుకుంటాను,’ అన్నాడు రెండో ఆయన. ఆ విషయమే వాదించుకుంటూ ఇద్దరూ గుమ్మం దాటారు. హిల్లె వాళ్ల వెనకే వెళ్లబోయి, ఆగి, ఆనాడు అరువు తీసుకున్న అట్లకాడ తిరిగి ఇచ్చేసింది.

టిల్మాన్ చివరికి మిగిలాడు. ‘కొంచెం ఆవపిండి తగిలించు,’ అన్నాడు గోడకేసి చూస్తూ. ‘మా ఇంట్లో మా ఆవిడ అదే చేస్తోంది.’

మర్నాడు విందు జరిగింది. ఉప్పులో ఊరిన మాంసాన్ని కడిగి వండింది ఆలైత్. పీపాలోంచి హెర్రింగులు తీసింది. పొగగూట్లోంచి తొడ దించింది. పులుసులోకి మాడిన రొట్టె, ఆవపిండి, పుల్లటి ద్రాక్షనీరు, ముక్కులోకి ఎక్కే ఒక తెల్లటి వేరు తురుము. నల్లగా కుదిరింది. పడవలవాళ్లు తిని, కళ్లనీళ్లు పెట్టుకుని, ‘అబ్బ, మిరియమంటే ఇదీ!’ అన్నారు. అందరికీ తెలుసు. ఒక్కరూ అనలేదు. మనుషులు ఒకరినొకరు మోసం చేసుకోవడం చాలా చూశాను. ఒకరికోసం ఒకరు మోసపోవడం ఆరోజే చూశాను. ఇల్లు ఆలైత్‌కే ఉండిపోయింది.

వడ్డనకు ముందు మాత్రం ఆమె ఒక పని చేసింది. నాలో ఉన్నదంతా ఒంపి, తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, నన్ను బల్ల మధ్యకు ఎత్తిపెట్టి, రోకలి గెర్లాఖ్ చేతికి ఇచ్చింది. అతను ఒక్క దెబ్బ వేశాడు.

రండి, అన్నాను.

ముసలాయన తల వంచి, చెవి తలుపువైపు పెట్టి, వణుకు చివరిదాకా విన్నాడు; అది ఆగిపోయాక కూడా విన్నాడు. కొండమీదినుంచి ఎవరైనా దిగి వస్తున్న అడుగుల చప్పుడు కోసమేమో. ఎవరూ రాలేదు. కొంతసేపటికి రోకలి కింద పెట్టి, ‘సరే, ఇక తినండి,’ అన్నాడు.

ఆ ఇంట అది ఆచారమైంది. గెర్లాఖ్ పోయాక ఆలైత్ కొట్టింది; ఆలైత్ తరువాత ఆమె మేనకోడలు; తరువాతివాళ్లు ఎందుకో తెలియకుండానే, అలా కొట్టకపోతే కీడని కొట్టారు. కొండదారులు తెరుచుకుని మిరియం వచ్చింది. ఆపైన సముద్రదారిన ఓడల నిండా వచ్చింది. వచ్చినకొద్దీ చవకయింది, చవకయ్యాక స్వర్గంనుంచి వచ్చిందని చెప్పడం మానేశారు. నా దగ్గర శిలువ గుర్తు వేసుకునేవాళ్లూ తగ్గారు. ఒక మందులవాడి కొట్టులో నాలో చేదువేళ్లు నూరారు. ఒకావిడ నన్ను బోర్లించి తలుపుకు అడ్డం పెట్టింది. గాలివానల్లో ఆ తలుపు నామీదే కోపం తీర్చుకునేది. ఎవరి చేతిలోనో రోకలి తప్పిపోయింది. చివరికి ఈ అద్దాల పెట్టె, ఈ చీటీ. నన్ను పెట్టినవాళ్లు ‘రండి’ అన్న మాటను గోడవైపు తిప్పి పెట్టారు. ఇన్నాళ్లూ గోడను పిలుస్తూ ఉన్నాను.

మొన్నటి సోమవారం ఇక్కడ సెలవు. శుభ్రం చేసే సెవ్దా వచ్చి అద్దం తెరిచింది. నన్ను తుడుస్తూ మధ్యలో ఆకలేసి, జేబులోంచి రొట్టె తీసి కొరుకుతోంది. ఇక్కడ తినకూడదు. అంతలో బూట్ల చప్పుడు వినబడింది, పైఅధికారి. సెవ్దా గభాల్న ఆ రొట్టెముక్కను నాలో వేసి, పైన తుడుపుగుడ్డ కప్పింది.

‘అంతా అయిందా సెవ్దా?’

‘ఈ ఒక్కటే ఉందండి. మూల మూలకీ దుమ్ము.’

‘గట్టిగా తట్టకు. మోగుతుందట.’

‘లేదండి, మోగట్లేదు,’ అంది సెవ్దా. గుడ్డమీద అరచెయ్యి ఆనించి నొక్కి పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

బూట్లు వెళ్లిపోయాక రొట్టె తీసుకుని, దుమ్ము ఊది, నన్ను చూసి నవ్వి తినేసింది. నన్ను తిరిగి పెట్టేటప్పుడు ఏ వైపు గోడకు ఉండాలో మరచిపోయినట్టుంది. ఇప్పుడు నా అక్షరాలు గదివైపు ఉన్నాయి. చదవగలిగినవాళ్లు ఇంకా రాలేదు. వచ్చేవాళ్లు చీటీ చదువుతున్నారు, ముక్కు చిట్లిస్తున్నారు, కత్తులవైపు వెళుతున్నారు.

వెళ్లనివ్వండి. నా అడుగున కాస్త రొట్టెపొడి మిగిలింది. ఆమె తుడవడం మరచింది. ఇవాళ ఎవరైనా వచ్చి నన్ను కొట్టినా పాడను. గొణుగుతాను.